తుడవకుండా ఎక్కింది నేనే

పన్నెండు కావస్తోంది. చిన్ని పడుకుంది. మావారికి పొద్దున్నే కాల్ ఉందట, లైటు తీసేయమని రెండుసార్లు అన్నారు. తీసేసి హాల్లోకొచ్చి కూర్చున్నా. నిద్ర పట్టేలా లేదు.

సాయంత్రం పోల్ డాన్స్ క్లాసులో ఒక కాకినాడ అమ్మాయితో అన్న మాట లోపల ముల్లులా గుచ్చుతోంది.

ముందు మంచి సంగతి చెప్పేస్తా. ఇవాళ నాకు ఇన్వర్ట్ వచ్చింది. ఎగరకుండా, కాలు ఊపు తీసుకోకుండా, నిలబడ్డ చోటు నుంచే నెమ్మదిగా నడుము పైకి లేపి తలకిందులయ్యాను. పద్నాలుగు నెలలు పట్టింది. కోచ్ చప్పట్లు కొట్టింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ తర్వాత పోల్స్ మార్చుకున్నాం. ఒక్కో పోల్‌కి ఇద్దరేసి. ఆ అమ్మాయి దిగింది, నేనెక్కాను. రెండో అడుగు పైకి వేసి కాళ్ళు బిగించేసరికి సర్రున జారాను. పట్టు అన్నదే లేదు. చేతులు కూడా నిలవలేదు. మ్యాట్ మీద కూలబడ్డా. మోచేయి గీరుకుపోయింది, అంతకుమించి ఏం కాలేదు. లేచి పోల్ మీద వేలు పెట్టి చూస్తే జిడ్డు. వాసన చూస్తే కొబ్బరి. బాడీ లోషన్.

"లోషన్ రాసుకొచ్చావా?" అన్నా.

"కొంచెమే అక్కా. ఆఫీసు ఏసీకి కాళ్ళు తెల్లగా పగిలిపోతున్నాయి."

"క్లాసుకి వచ్చేరోజు రాసుకోకూడదని తెలీదా?"

"మల్లఖంబంలో స్తంభానికి ఆముదమే రాస్తారు కదా అక్కా? అందుకని పర్లేదేమో అనుకున్నా." చెక్క స్తంభం మీద ఆసనాలు వేసే మన పాత విద్య అది.

"ఇది మల్లఖంబం కాదు. వెళ్ళి కాళ్ళు కడుక్కురా."

అందరి ముందూ అన్నా. గొంతు కూడా పెద్దదే. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. కడుక్కుని వచ్చింది గానీ మళ్ళీ పోల్ ముట్టుకోలేదు. గోడ పక్కన కూర్చుని కాళ్ళు చాపి స్ట్రెచ్‌లు చేసుకుంటూ ఉండిపోయింది. చెప్పులు వేసుకునేటప్పుడు మాత్రం నా దగ్గరకొచ్చి, "ఇంట్లో మల్లఖంబం నేర్చుకుంటున్నా అని చెప్పాను అక్కా, అందుకే దాని గురించి చదివాను, సారీ" అంది. నేను "ఊ" అన్నా. అంతే.

ఇంటికొచ్చేదాకా నాది న్యాయమైన కోపమనే అనుకున్నా. ఇప్పటికీ సగం అలాగే ఉంది. ఎందుకంటే ఇది ప్రాణం మీదికొచ్చే విషయం. నేను జారింది రెండడుగుల ఎత్తులో, తల పైనున్నప్పుడు. అదే తలకిందులుగా ఒక్క మోకాలి మడతతో వేలాడుతున్నప్పుడు జారి ఉంటే? పోల్ మీద మనల్ని పట్టి ఉంచేది చర్మం, లోహం మధ్య రాపిడి ఒక్కటే. తాడు లేదు, కొక్కెం లేదు. నలభై ఐదు మిల్లీమీటర్ల లావున్న క్రోమ్ గొట్టం, దాని మీద మన తోలు. మధ్యలో నూనె చుక్క పడితే అయిపోయినట్టే.

నాకు చిరాకు తెప్పించేవి ఇంకా చాలా ఉన్నాయి, ఇవాళ అన్నీ కక్కేస్తా. ఉంగరాలు తీయకుండా వస్తారు. ఉంగరం పోల్‌ని గీస్తుంది, ఆ గీత ఇంకొకరి తొడని గీస్తుంది. వేలు కూడా నలుగుతుంది. గాజులూ, పట్టీలూ అంతే. మూడో క్లాసుకే ఫోన్లో రీల్ చూపించి "నాకిది నేర్పండి" అంటారు, అందులో ఉన్నది తలకిందులు. నేల మీద పడుకుని మోకాళ్ళు ఛాతీ దగ్గరికి లాక్కోవడం కూడా రాకుండా గాల్లో ఎలా లేస్తారు? ఎగిరి కాళ్ళు విసిరితే లేస్తారు, నిజమే. ఆ విసురంతా భుజం మీద పడుతుంది. భుజం ఒకసారి పోతే ఎన్ని నెలలకు తేరుకుంటుందో మన పక్కింటి ఆవిడని అడగండి, ఆవిడకి బ్యాడ్మింటన్‌లో పోయింది. ఇక వార్మప్ ఎగ్గొట్టి సరిగ్గా ఇరవై నిమిషాలు లేటుగా వచ్చేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. మణికట్లు తిప్పకుండా, భుజాలు వెచ్చబడకుండా స్పిన్ ఎక్కేస్తారు.

అన్నిటికంటే భయం వేసింది పోయిన నెల. ఒకావిడ ఇంట్లో పోల్ బిగించుకున్నానని ఫొటో చూపించింది. స్క్రూలు లేకుండా నేలకీ కప్పుకీ మధ్య ఒత్తిడితో నిలబడే రకం. పైకి చూస్తే ఫాల్స్ సీలింగ్! ఆ ప్లాస్టర్ పలక మన బరువు మోస్తుందా? ఆ పోల్ అసలు స్లాబుకో దూలానికో ఆనాలి. ఆవిడకి అప్పటికప్పుడు చెప్పి తీయించాం. అప్పుడు మాత్రం నేను ఎంత నెమ్మదిగా చెప్పానో. ఆవిడ పెద్దది కాబట్టా? ఈ అమ్మాయి చిన్నది కాబట్టా?

రాత్రి చపాతీలకి నూనె రాస్తుంటే అనిపించింది, ఆ పిల్ల అడిగింది సరైన ప్రశ్నే కదా అని. రెండూ స్తంభాలే. ఒకదానికి ఆముదం పూస్తారు, ఇంకోదాన్ని స్పిరిట్ పెట్టి తుడుస్తారు. ఎందుకు?

మల్లఖంబం చెక్క. టేకు లాంటి గట్టి కర్ర, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు, కింద లావు, పైకి పోనుపోను సన్నం. దాని మీద వాళ్ళు తొడలతో, చంకలతో, కాళ్ళతో చుట్టేసుకుని ఒక ఆసనం నుంచి ఇంకో ఆసనానికి మెరుపులా జారుతారు. ఉత్త చెక్క మీద అంత వేగంగా తిరిగితే చర్మం లేచిపోతుంది. అందుకే ఆముదం. మల్లుల సాధన కోసం పుట్టిన విద్య అది. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్యుల రాజు మూడో సోమేశ్వరుడు రాసిన మానసోల్లాసం అనే గ్రంథంలోనే దాని ప్రస్తావన ఉంది. ఆ కల్యాణి మన జహీరాబాద్ దాటితే వచ్చే బసవకల్యాణే. పోల్ సంగతి వేరు. ఇక్కడ చేత్తో పట్టుకుని వేలాడటం ఎక్కువ, కదలకుండా నిలిచే భంగిమలు ఎక్కువ, గొట్టమేమో అద్దంలా నున్నన. దీనికి ఉన్న కాస్త పట్టునూ కాపాడుకోవాలి. ఈ నాలుగు ముక్కలు అక్కడే చెప్పి ఉంటే ఒక నిమిషం పట్టేది.

ఇది రాస్తుంటే కల్లు గీసే గౌడ తాత గుర్తొస్తున్నాడు. జనగామ దగ్గర మా అమ్మమ్మ ఊరు మీకు తెలిసిందేగా, ఎండాకాలం సెలవులన్నీ అక్కడే. ఇంటి వెనక తాటివనం. పొద్దున్నే తాత మోకు భుజానేసుకుని వచ్చేవాడు. మోకు నడుముకీ చెట్టుకీ చుట్టేసి, కాళ్ళకి తాడు తగిలించుకుని, మోకుని ఒకసారి పైకి విసిరి, కాళ్ళు ఒకసారి పైకి లాగి, మళ్ళీ మోకు, మళ్ళీ కాళ్ళు. చూస్తుండగానే ఆకుల్లో కలిసిపోయేవాడు. దిగాక లొట్టి కింద పెట్టి అరుగు మీద కూర్చుంటే నేను ఆయన పాదాలే చూసేదాన్ని. పాదం పైన, చీలమండ ముందు, నల్లటి కాయలు. నొక్కితే రాయిలా ఉండేవి. "నొప్పి లేదా తాతా" అంటే "ఎన్నడో పోయింది బిడ్డా" అనేవాడు.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. పందిరి గుంజ ఎక్కాలని పట్టుదల. చేతులతో పట్టుకుని వేలాడటం, జారడం, మళ్ళీ వేలాడటం. తాత లొట్టి పక్కన కూర్చుని చాలాసేపు చూశాడు. లేచొచ్చి, "చేతులతోని ఎక్కుతున్నవేందే పిల్లా, కాళ్ళతోని ఎక్కాలె. చేతులు ఊకె పట్టుకునేటందుకే" అన్నాడు. కాళ్ళు గుంజకి ఎలా మెలిపెట్టాలో తన చేతులతో నా పాదాలు పట్టుకుని పెట్టాడు. ఒక పాదం ముందు, ఒకటి వెనక. అయినా జారాను. అప్పుడు నా లంగా చూసి అన్నాడు, "పైకి చెక్కుకో. బట్ట పట్టది, తోలు పడ్తది." చెక్కుకున్నా. ఎక్కా. పందిరి కప్పిన తాటాకు తలకి తగిలేదాకా ఎక్కా! అమ్మ చూసి కేకలేసింది, ఆడపిల్లకి గుంజలెక్కడం నేర్పిస్తున్నావా అని. తాత ఏమీ అనలేదు, మోకు భుజానేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు వాన పడితే ఆయన రాలేదు. చెట్టు తడిస్తే ముప్పై ఏళ్ళు ఎక్కినవాడు కూడా ఎక్కడని అమ్మమ్మ చెప్పింది.

ముప్పై ఏళ్ళకి బెంగళూరులో మా కోచ్ మొదటి నెలలో నేర్పింది సరిగ్గా అదే. పోల్‌ని ఒక పాదం పైభాగానికీ ఇంకో కాలి పిక్కకీ మధ్య బిగించు, కాళ్ళతో నిలబడు, చేతులు పైకి జరుపు. చేతులతో లాక్కుంటే మూడో ఎక్కుకే అలసిపోతావు. పొట్టి నిక్కరు ఎందుకని అడిగేవాళ్ళకి నేను చెప్పే జవాబు కూడా తాతదే. లెగ్గింగ్ జారుతుంది, తొడ జారదు.

కానీ ఆ జవాబు మా అత్తయ్యకి చెప్పలేదు. ఆవిడకి జిమ్ అనే చెప్పా. మీకు తెలుసు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఇంట్లో కూడా ఫుల్ ప్యాంటే, పోల్ నొక్కుకుని తొడల మీద పడ్డ నల్లటి మచ్చలు కనపడకూడదని. మరి ఆ అమ్మాయి మల్లఖంబం అని చెప్పుకుంటే నాకు ఎందుకంత మండింది? మేం చేసే ఈ స్పిన్‌లు, హీల్స్‌తో నడకలు ఇప్పుడున్న రూపానికి తెచ్చింది చాలావరకు అమెరికా క్లబ్బుల్లో డాన్సర్లు. రాత్రులు పని చేసి, నడుములు విరగ్గొట్టుకుని కనిపెట్టిన విద్య. 2017లో అంతర్జాతీయ క్రీడా సమాఖ్యల సంఘం పోల్ క్రీడకి పరిశీలక హోదా ఇచ్చింది కదా అని వాళ్ళని మర్చిపోయి, ప్రాచీన భారతీయ విద్య అని పేరు మార్చి చెప్పుకోవడం తప్పనిపిస్తుంది నాకు. అది ఇప్పటికీ నమ్ముతా. కానీ జిమ్ అని చెప్పేదాన్ని ఆ పిల్లని తప్పుబట్టే హక్కు నాకెక్కడిది? తను కనీసం దాని గురించి కూర్చుని చదివింది.

ఇంకో విషయం. ఇది రాయడానికే ఇంతసేపూ కూర్చున్నాననుకుంటా. క్లాసులో మొదటి రోజు నేర్పేది ఒక్కటే: ఎక్కే ముందు పోల్ తుడుచుకో. ముందున్నవాళ్ళు తుడిచారా లేదా అన్నది కాదు, ఎక్కేది నువ్వు కాబట్టి నువ్వు తుడుచుకో. గుడ్డ, స్పిరిట్ స్ప్రే పోల్ పక్కనే ఉన్నాయి. ఇన్వర్ట్ వచ్చిన సంబరంలో నేను తుడవలేదు. జారింది అందుకు. ఆ అమ్మాయి లోషన్ రెండో కారణం.

రేపు క్లాసు లేదు, రోజు విడిచి రోజే మాది. వరసగా చేస్తే చేతులకి తేరుకునే టైం ఉండదు. ఎల్లుండి పావుగంట ముందు రమ్మని ఆ అమ్మాయికి ఇప్పుడే మెసేజ్ పెట్టా. పగుళ్ళకి ఏం చేయాలో కూడా రాశా: క్లాసు లేని రోజు రాత్రి లోషన్ రాసుకో, తెల్లారి సబ్బుతో రుద్ది స్నానం చెయ్యి, క్లాసు రోజు ఏమీ వద్దు. మరీ పొడిబారినా పట్టు దొరకదు, వార్మప్‌లో సన్నగా చెమట పట్టేదాకా ఆగు. మచ్చలకి కంగారు పడకు, మొదటి రెండు మూడు నెలలు అందరికీ ఉంటాయి, అదే చోట మళ్ళీ మళ్ళీ ఒత్తిడి పడగా పడగా తగ్గుతాయి. నొప్పి చర్మం మీదైతే ఓర్చుకో, కీలులోనైతే ఆగిపో. కుడివైపు వచ్చిందని ఎడమవైపు వదిలేయకు, నేను వదిలేసి ఇప్పుడు బాధపడుతున్నా. క్షమించమని కూడా రాశా, అది మొదట్లోనే.

ఇంకా చూడలేదు. పడుకుని ఉంటుంది.

నా దగ్గర స్పిరిట్ సీసా అడుగంటింది. రేపు ఆఫీసు నుంచి వస్తూ మెడికల్ షాపులో తీసుకోవాలి. రెండు తీసుకుంటా.