ఏ గేరుకి ఏది పడుతుంది

పర్లాకిమిడి వైపు నుంచి మహేంద్రగిరి (1,501 మీటర్లు) సైకిల్ మీద ఎక్కాలంటే వెనక పెద్ద పళ్లచక్రం ఉండాల్సిందే. ఇక్కడ గేరు సామాన్లన్నీ ఒకే కంపెనీవి దొరకవు. నా బండికి షిఫ్టరు (హ్యాండిల్ మీద గేరు మార్చే మీట), డీరైలరు (చెయిన్‌ని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదకి జరిపేది) షిమానో 11 స్పీడువి, అంటే వెనక 11 గేర్లు; క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) సన్‌రేస్, చెయిన్ కేఎంసీ. హాయిగా నడుస్తోంది.

పక్కవీధి తమ్ముడు "అన్నా, స్రామ్ షిఫ్టరు చవగ్గా వస్తోంది, నా షిమానో డీరైలరుకి వేసేదా?" అన్నాడు. వద్దంటే వద్దన్నాను. ఒక్కో క్లిక్కుకి కేబుల్ ఎంత లాగాలన్నది ఆ రెండు కంపెనీలకీ వేరు. స్క్రూ ఎంత తిప్పినా అన్ని గేర్లూ కుదరవు. షిఫ్టరు, డీరైలరు జంట ఒకే ఇంటిదై ఉండాలి. చెయిన్, క్యాసెట్‌లకి స్పీడు కలిస్తే చాలావరకు సరిపోతుంది.

10 పళ్లతో మొదలయ్యే 12 స్పీడు క్యాసెట్ కొనేముందు మాత్రం హబ్ (వెనక చక్రం మధ్యలో క్యాసెట్ ఎక్కే భాగం) ఏ రకమో చూడండి: స్రామ్‌కి ఎక్స్‌డీ రకం, షిమానోకి మైక్రోస్ప్లైన్ రకం.