పోచంపల్లి ప్రింట్

"వదినా, కొంగు ఒకసారి తిప్పి చూడు" అన్నాను. పైన ముదురు ఎరుపు. వెనకాల వెలిసిపోయినట్టు లేత రంగు. షాపతను మాత్రం "పోచంపల్లే మేడమ్, ఆరు వందలకే" అంటూనే ఉన్నాడు.

అది మెషీన్ మీద అచ్చేసిన గుడ్డ. అసలు పోచంపల్లికి ముందు నూలుకే ముడులు కట్టి, రంగులో ముంచి, తర్వాత మగ్గం ఎక్కిస్తారు. అందుకే రెండు వైపులా ఒకే రంగు. పువ్వు అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయే, నాకు అదే ప్రాణం.

విదేశీ వ్యాపారం వల్లే మన చేనేతలు పోతున్నాయంటే నేను ఒప్పుకోను. ఇదే పద్ధతిలో నేసిన చీరాల తేలియా రుమాళ్లు ఒకప్పుడు ఓడలెక్కి అరబ్ దేశాలకు వెళ్లాయి. నూనె, బూడిద పట్టించిన నూలు, ఎరుపు, నలుపు, తెలుపు. అక్కడివాళ్లు తలకు చుట్టుకునేవారు. ఉజ్బెకిస్తాన్‌లో, ఇండోనేషియాలో, జపాన్‌లో కూడా ఇలాగే నూలుకు ముడులు కట్టి రంగులద్ది నేస్తారు. ఆ బట్టలు చూస్తే దూరపు చుట్టాలు ఎదురైనట్టు ఉంటుంది నాకు.

అప్పుడు బయటి దేశాలవాళ్లు కొన్నది నేసిన చేతి పనిని. ఇప్పుడు డిజైన్ ఒక్కటే తీసుకుని ఆ చేతిని వదిలేస్తున్నారు. నాకు కోపం అక్కడే. పోచంపల్లికి జీఐ ట్యాగ్ ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు నేతదేనని చట్టం ఇచ్చిన గుర్తింపు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగానూ ఎంపిక చేసింది. అయినా ఆ పేరుతోనే ప్రింట్ గుడ్డ బజారులో దర్జాగా అమ్ముడవుతోంది.

మీలో ఎవరింట్లోనైనా పాత తేలియా రుమాలు ఉంటే ఫోటో పెట్టండి. చూడాలని ఉంది.