లాంతరు వెలిగిస్తే కేబిన్‌కి చెమట

తెల్లవారుజామున ముక్కు మీద చల్లటి చుక్క పడి మెలకువ వచ్చింది. పడవకి ఎక్కడైనా చిల్లు పడిందేమోనని టెన్షన్‌తో టార్చి పట్టుకుని అంతా తడిమి చూశాను. చిల్లు లేదు, వానా లేదు, పైకప్పు లోపలివైపే తడి, కిటికీ అద్దాల మీద ధారలు. నిర్వాకం అంతా నాదే. రాత్రి చలికి ఆగలేక రెండు కిరసనాయిలు లాంతర్లూ వెలిగించి, పైన తలుపు మూసేసి ఆరు గంటలు కూర్చున్నాను (పడుకునే ముందు ఆర్పేశాను, అది మాత్రం ఎప్పుడూ మర్చిపోను).

లీటరు కిరసనాయిలు కాలితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరై గాల్లో కలుస్తాయి, నూనెలో ఉన్న హైడ్రోజన్ అంతా నీరే అవుతుంది మరి. నా లాంతరు గంటకి 20 మిల్లీలీటర్లు తాగుతుంది కాబట్టి రెండూ కలిపి రాత్రికి పావు లీటరు నీళ్లు నా నెత్తిమీద చేర్చాయన్నమాట, నా ఊపిరి తడి అదనం. బదులుగా ఇచ్చిన వేడి ఎంత అంటే, ఒక్కోటీ 200 వాట్ల హీటరుతో సమానం. చిన్న కేబిన్‌కి అది తక్కువేం కాదు, కానీ వేడంతా పైకే పోతుంది, తల దగ్గర వెచ్చగా, పాదాల దగ్గర ఐసులా.

పొద్దున్నంతా గుడ్డ పెట్టి తుడవడమే సరిపోయింది. మధ్యాహ్నం లాంతర్ల పని పట్టాను. ఒకదాని గాజు ఒకవైపే మసి పట్టింది, చూస్తే వత్తి ఒక మూల పైకి లేచి ఉంది, మంట అటే నాలుక చాస్తోంది. కత్తెరతో అడ్డంగా తిన్నగా కత్తిరించి రెండు మూలలూ కాస్త గుండ్రం చేశాను. గాజుని పాత పేపరుతో తుడిస్తే మెరిసింది. నూనె పోస్తుంటే సరిగ్గా అప్పుడే పడవ ఊగి, గరాటు ఒరిగి, నాలుగు చుక్కలు దుప్పటి మీద పడ్డాయి. ఆ వాసన వారమైనా వదలదు.

గాలి సరిగా ఆడని చోట మంట నుంచి పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్, దాన్ని పసిగట్టే అలారం బటన్ కూడా నొక్కి చూశాను, చెవులు పగిలేలా కూసింది, మంచిదే. ఆ గ్యాస్‌కి వాసన లేదు, మన ముక్కుని నమ్ముకుంటే అంతే సంగతులు.

చదువుకోవడానికి ఎల్‌ఈడీ చాలు, నిజానికి దాని వెలుగే నయం. అయినా సాయంత్రం అయ్యేసరికి చెయ్యి అగ్గిపెట్టె వైపే పోతుంది. పడవ ఎటు ఒరిగినా ఇత్తడి రింగుల్లో లాంతరు మాత్రం నిటారుగా నిలబడుతుంది, గోడల మీద నీడలు ఊగుతాయి, అలా చూస్తూ కూర్చుంటే గంట తెలియదు.

ఈ రాత్రి ఒక్కటే వెలిగించాను. పైన తలుపు నాలుగు వేళ్లంత తెరిచి పెట్టాను, వేడిలో సగం అటే పోతోంది. అద్దాల మీద ఇంకా చెమ్మ లేదు. కాళ్లకి మూడో జత సాక్సు వేసుకున్నాను.