తోమా కొండకు మా క్రిస్మస్ యాత్ర

క్రిస్మస్‌కు వారం ముందు మా తెలుగు సంఘమంతా కలిసి చెన్నైలో, యేసు శిష్యుల్లో ఒకడై మన దేశానికి వచ్చాడని చెప్పుకునే తోమా పేరుతో ముడిపడిన మూడు చోట్లకూ వెళ్లొస్తాం. సైదాపేట దగ్గర చిన్నమలై, విమానాశ్రయం పక్కన పరంగిమలై, సముద్రం ఒడ్డున శాంథోమ్. సాయంత్రం అటునుంచి అటే కేరల్స్‌కి, అంటే గుంపుగా వెళ్లి క్రిస్మస్ పాటలు పాడటానికి వెళ్లి, రాత్రికి ఇళ్లకు చేరతాం. ఈసారి ఆ రోజు డిసెంబరు 18న పడింది. ఆ తేదీకి పరంగిమలై మీద ఒక విశేషం ఉంది, కొండెక్కాక చెప్తాను.

మా సంఘం చిన్నది. ఆలందూరు వైపు ఒక మేడ మీద అద్దె హాలులో ఆరాధన జరుగుతుంది. ఉదయం తమిళం వాళ్ల ఆరాధన ముగిసి, వాళ్లు మెట్లు దిగాక మేం ఎక్కుతాం. రైల్వేలో చేసి రిటైరైన పెద్దలు, ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, గిండిలో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు, ఇళ్లలో పనిచేసే అక్కలు ఉంటారు. ఎక్కువమందిది ఒంగోలు, నెల్లూరు ప్రాంతం. నాది ఒంగోలే. డిసెంబరు మొదలవగానే పిల్లలు మేడ మీద స్టార్ కట్టేస్తారు. దాని కింద నిలబడి తెలుగులో పాడుకుంటుంటే ఈ ఊళ్లో మేం పరాయివాళ్లమన్న మాటే గుర్తుకు రాదు.

మేం బాప్టిస్టు కుటుంబాల నుంచి వచ్చినవాళ్లం. విగ్రహాలు, సమాధులు, యాత్రలు మాకు అలవాటు లేదు. అందుకే ఈ ప్రయాణం మొదలైనప్పుడు సంఘంలో కొంత చర్చే జరిగింది. "మనకెందుకమ్మా ఈ కొండలూ గుహలూ? వాక్యం చాలదా?" అని మా పెద్దయ్య గట్టిగానే అడిగారు. ఆయన రైల్వేలో గార్డుగా చేసినవారు, నియమం తప్పని మనిషి. పాస్టర్ గారు నెమ్మదిగా, "సంఘాలు విడిపోకముందే వచ్చిన మనిషి కదా పెద్దయ్యా తోమా. ఆయన్ని ఒకరికే ఎలా వదిలేస్తాం?" అన్నారు. పెద్దయ్య పూర్తిగా ఒప్పుకోలేదు గానీ ప్రతిసారీ అందరికంటే ముందే వచ్చి వ్యాన్ దగ్గర నిలబడతారు.

తోమాకూ క్రిస్మస్‌కూ ఏం సంబంధం అని అడిగేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. కేథలిక్కుల పాత క్యాలెండరులో తోమా పండుగ డిసెంబరు 21. క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు. 1969లో క్యాలెండరు మార్చినప్పుడు దాన్ని జూలై 3కు జరిపారు. అంటే కొన్ని వందల ఏళ్లపాటు యేసు పుట్టిన పశువుల పాక దగ్గరికి వెళ్లే దారిలో తోమా నిలబడి ఉన్నాడన్నమాట. నాకు ఆ వరసే బాగుంటుంది. ఎందుకో ఈ యాత్ర చేశాకే నాకు తెలిసొచ్చింది.

ఉదయం చిన్నమలై చేరేసరికి ఇంకా మంచు తేమ ఉంది. తమిళుల మార్గళి నెల (మన ధనుర్మాసం) కదా, దారి పొడవునా ఇళ్ల ముందు పెద్ద పెద్ద ముగ్గులు. చిన్నమలై నిజానికి చిన్న గుట్ట. పోర్చుగీసువాళ్లు 1551లో కట్టిన చర్చి, దాని కింద గుహ. తనను చంపడానికి వెతుకుతున్నవాళ్లకు దొరక్కుండా తోమా ఇక్కడే దాక్కునేవాడనీ, ప్రార్థన చేసుకునేవాడనీ తరతరాలుగా చెప్పుకుంటున్నారు. లోపలికి వంగి వెళ్లాలి. ఒక పక్క రాతిలో చిన్న కంత ఉంది. ఆయన అందులోంచే తప్పించుకున్నాడట. ఆ దగ్గర రాతి మీద ఆయన చేతి గుర్తు అని చెప్పే ఒక గుంట. వచ్చినవాళ్లంతా అందులో చేయి పెట్టి కళ్లు మూసుకుంటున్నారు.

నేనూ చేయి పెట్టాను. రాయి చల్లగా, నున్నగా ఉంది. అది నిజంగా తోమా చెయ్యేనా అని నేను వాదించను. ఇన్ని వందల ఏళ్లుగా ఎవరెవరో తమ కష్టాలతో వచ్చి పెట్టిన చేతులకు ఆ రాయి అరిగింది, అది మాత్రం నిజం. పెద్దయ్య చేతులు వెనక్కి కట్టుకుని గుహ బయటే నిలబడ్డారు. ఆయన్ని ఎవరూ బలవంతపెట్టలేదు.

సండే స్కూల్లో మాకు తోమా అంటే అనుమానపు మనిషనే నేర్పారు. చిన్నప్పటి నుంచి నాకు అది అన్యాయం అనిపిస్తుంది. స్నేహితుడు లాజరు చనిపోయాడని తెలిసి యేసు మళ్లీ యూదయకు బయలుదేరితే, అక్కడ రాళ్లతో కొడతారని మిగతా శిష్యులు వెనకాడుతుంటే, "ఆయనతో పాటు చనిపోవడానికి మనమూ వెళ్దాం" అన్నది తోమాయే. అలాంటి మనిషి యేసు చనిపోయి తిరిగి లేచాక ఆయన గాయాలను తాకి చూడాలని అడిగితే తప్పేముంది? మిగతావాళ్లంతా చూశారు కదా, ఆయనా చూడాలనుకున్నాడు. యేసు కూడా కోప్పడలేదు, చెయ్యి చాపమన్నాడు. "నా ప్రభువా, నా దేవా" అన్న గొప్ప ఒప్పుకోలు సువార్తలో వచ్చింది ఆ నోటి నుంచే. క్రిస్మస్ కూడా అదే కదా. చేతికి అందని దేవుడు ఎత్తుకోవడానికి వీలైనంత చిన్నవాడై రావడం. తాకి చూస్తాను అన్న మనిషి ఆ పండుగకు నాలుగు రోజుల ముందు ఉండటం నాకు ఎంతో సరైనదిగా కనిపిస్తుంది.

సైదాపేటలో ఇడ్లీ, సాంబార్ తిని పరంగిమలైకి బయలుదేరాం. దారిలో అడయారు నది దాటుతుంటే పాస్టర్ గారు పిల్లలకు ఆ వంతెన కథ చెప్పారు. 1726లో పీట్రస్ ఉస్కాన్ అనే ఆర్మేనియా వ్యాపారి ఇక్కడ సొంత డబ్బుతో వంతెన కట్టించాడు. నది పొంగితే జనం అవతలికి వెళ్లలేకపోతున్నారని. ఆ పాత వంతెన ఇప్పుడు లేదు, దాని చోట కొత్తది వచ్చింది. పరంగిమలైకి రాతి మెట్లు కట్టించిందీ ఆయనే. ఎక్కడి ఆర్మేనియా, ఎక్కడి మద్రాసు! వ్యాపారానికి వచ్చిన మనిషి వేరేవాళ్లు కొండెక్కడానికి మెట్లు వేసి వెళ్లాడు.

కొండ ఎత్తు సుమారు 300 అడుగులు. వ్యాన్ పైదాకా వెళ్తుంది గానీ మోకాళ్ల నొప్పులున్న ఇద్దరు అత్తలను అందులో పంపి మిగతావాళ్లం మెట్ల దారి పట్టాం. దారి పక్కన, యేసు సిలువ మోసిన దారిని గుర్తుచేసే సిలువ మార్గపు స్థలాలు పద్నాలుగూ ఉన్నాయి. ఒక్కో చోట కొంచెం ఆగుతూ, ఆయాసం తీర్చుకుంటూ పాడుతూ వెళ్లాం. మా వెనకే వస్తున్న తమిళ కుటుంబం మా రాగం గుర్తుపట్టి తమ మాటలతో అందుకుంది. మెట్లెక్కుతుంటే నాకు మా ఒంగోలు ప్రార్థన కొండ గుర్తొచ్చింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా మిషనరీ జూవెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఆ కొండెక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థన చేశారు. మా అమ్మ కొత్త సంవత్సరం రోజున నన్ను చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్లేది. ఐదుగురి ప్రార్థన ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే ఈ మెట్ల మీద మా గుంపును చూస్తే చాలు.

పైన పండుగ వాతావరణం. డిసెంబరు 18 ఈ గుడికి పండుగ రోజు. 1523లో పోర్చుగీసువాళ్లు కట్టిన ఈ చర్చి నిరీక్షణ మాత పేరు మీద ఉంది. బిడ్డ యేసు కోసం ఎదురుచూస్తున్న తల్లి మరియ. క్రిస్మస్‌కు వారం ముందు, నెలలు నిండిన తల్లిని తలుచుకునే పండుగ ఇది. మరియను మేం ప్రార్థించం, కానీ ఆ రోజు అక్కడ నిలబడితే ఆమె ప్రయాణం గుర్తుకు రాకుండా ఉండదు. నిండు నెలలతో, జనాభా లెక్కల్లో పేరు రాయించుకోవడానికి, నజరేతు నుంచి బేత్లెహేముకు.

బలిపీఠం వెనక గోడలో ఒక రాతి సిలువ ఉంది. 1547లో ఇక్కడ తవ్వుతుంటే బయటపడింది. దాని చుట్టూ చెక్కిన అక్షరాలు పహ్లవీ లిపిలో ఉన్నాయి, పాత పర్షియా లిపి అది. అంటే పోర్చుగీసువాళ్లు రాకముందే, తూర్పు దేశాల క్రైస్తవులు ఈ కొండ మీద ప్రార్థన చేశారన్నది ఆ రాయే చెబుతోంది. 1558 డిసెంబరు 18న పూజ జరుగుతుండగా ఆ సిలువ నుంచి రక్తం చెమర్చిందని ఇక్కడి నమ్మకం. తోమా ఈ కొండ మీదే క్రీ.శ. 72లో ఈటెపోటుకు చనిపోయాడని సంప్రదాయం చెబుతుంది. ఆ సిలువను ఆయనే చెక్కాడనీ అంటారు. రాతి లిపి చూస్తే అది తర్వాతి కాలానిదే అనిపిస్తుంది నాకు. అయినా దాని ముందు మోకరించడానికి నాకేమీ అడ్డు రాలేదు.

బయటికి వచ్చి చూస్తే ఊరంతా కనిపిస్తుంది. విమానాలు దాదాపు మన కళ్ల ఎత్తులోనే దిగుతుంటాయి. పిల్లలు వాటినే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. 1802లో లాంబ్టన్ అనే ఇంగ్లీషు సైనికాధికారి మన దేశాన్ని కొలిచే పెద్ద సర్వే మొదలుపెట్టిందీ ఈ కొండ దగ్గరి నుంచే అని పెద్దయ్య వాళ్లకు చెప్పారు. రైల్వే మనిషికి కొలతలంటే ప్రాణం. ఆయన ముఖం అంత వెలగడం ఆ రోజు అదే మొదటిసారి. పులిహోర పొట్లాలు విప్పి చెట్ల నీడలో తిన్నాం.

శాంథోమ్‌లో ఎక్కువసేపు ఉండలేకపోయాం, పెళ్లి జరుగుతోంది. ఇప్పుడున్న తెల్లటి గోపురం చర్చి 1896లో ప్రతిష్ఠ చేసింది. తోమా సమాధి దగ్గరికి వెనక నుంచి కిందికి దిగి వెళ్లాలి. ఎముకలు ఎప్పుడో ఇప్పటి తుర్కియేలోని ఎడెస్సాకు, అక్కడి నుంచి ఇటలీలోని ఒర్తోనాకు వెళ్లాయని చరిత్ర. పదమూడో శతాబ్దం చివర వచ్చిన మార్కో పోలో ఇక్కడి సంగతి రాశాడు. యాత్రికులు సమాధి దగ్గరి మట్టిని ఇంటికి తీసుకెళ్లి జబ్బుపడ్డవాళ్లకు ఇచ్చేవారట. క్రైస్తవులే కాదు, ముస్లింలూ ఆ చోటును గౌరవించేవారని రాశాడు. ఆ సాయంత్రం సమాధి ముందు నా పక్కన కూర్చున్న ఆవిడ నుదుట కుంకుమ ఉంది. కొడుకు ఆపరేషన్ రేపట, తమిళంలో చెప్పింది. ఇద్దరం చెరో భాషలో ప్రార్థన చేసుకున్నాం.

సాయంత్రం ఆరున్నరకు పోరూరు దాటి రేకుల షెడ్ల దగ్గర ఆగాం. మా యాత్రలో ఇది చివరి మజిలీ, నా మటుకు అన్నిటికంటే ముఖ్యమైనది కూడా. 2014 జూన్ 28న ఇక్కడికి దగ్గరే ఉన్న మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం నుంచి కూలికి వచ్చినవాళ్లు. ఇంత దగ్గరలో ఇంతమంది మనవాళ్లు ఉంటున్నారని మాకు తెలిసింది ఆ శిథిలాల వల్లే. ఆ ఏడాది నుంచి మా కేరల్స్ అపార్టుమెంట్లకంటే ముందు భవన కార్మికుల షెడ్లకే వెళ్తాయి. అలాగే ఉండాలని నేను సంఘంలో ప్రతి మీటింగులోనూ పట్టుబడతాను. మొదటి క్రిస్మస్ వార్త రాత్రి మందల కాపలా పనిలో ఉన్న గొర్రెల కాపరులకే వచ్చింది కదా.

డోలక్ మోగగానే పిల్లలు పరుగెత్తుకొచ్చారు. క్రిస్మస్ తాత వేషం వేసిన మా కుర్రాడి గడ్డం రెండు నిమిషాల్లో ఊడిపోయింది. పది కుటుంబాల్లో ఒకటో రెండో క్రైస్తవులు, మిగతావాళ్లు కారు. అయినా అందరూ వచ్చి నిలబడ్డారు. పాస్టర్ గారు వాక్యం అయిదు నిమిషాల్లో ముగించారు. పొద్దున్నుంచి పనిచేసి వచ్చినవాళ్లను నిలబెట్టి గంటసేపు ప్రసంగం చేయడం ఆయనకు ఇష్టం ఉండదు. తర్వాత కేకు, బిర్యానీ పొట్లాలు, దుప్పట్లు.

ఒక షెడ్డు గుమ్మంలో బాలింత కూర్చుని ఉంది. బిడ్డకు ఇంకా నెల నిండలేదు. పాస్టరమ్మ గారు చేతులు కడుక్కుని వచ్చి, ఎత్తుకోవచ్చా అని అడిగారు. "ఎత్తుకోండమ్మా, అదేటి మాట! మాకాడికి ఎవులొస్తారు?" అంది ఆ పిల్ల. బిడ్డ చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది. వెచ్చగా, పాలవాసనతో, నా వేలు పట్టుకుని వదల్లేదు. పొద్దున రాతి గుంటలో పెట్టిన చెయ్యి అదే.

పెద్దయ్య అప్పటికే బిడ్డ తండ్రిని పక్కకు పిలిచి ఆరా తీస్తున్నారు. కాన్పు ఎక్కడైంది? ప్రభుత్వాసుపత్రిలో. జనన సర్టిఫికెట్ తీసుకున్నారా? లేదు, తమిళంలో ఏదో కాగితం ఇచ్చారు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని సెల్‌ఫోన్ వెలుగులో ఆ కాగితం మొత్తం చదివారు. నలభై ఏళ్లు ఈ ఊళ్లో ఉన్న మనిషికి తమిళం చదవడం కొట్టినపిండి. "బిడ్డ పేరు ఇందులో లేదు బాబూ. ఏడాదిలోపు రాయిస్తే డబ్బు కట్టక్కర్లేదు. తర్వాత తిప్పలు. ఏం పేరు అనుకున్నారు?" ఇంకా అనుకోలేదన్నాడు తండ్రి, ఊళ్లో వాళ్లమ్మను అడగాలట. "అయితే ఇప్పుడే ఫోన్ చెయ్యి" అన్నారు పెద్దయ్య.

ఫోన్ కలిసింది. అవతల నుంచి నాయనమ్మ గొంతు మా అందరికీ వినిపించేంత గట్టిగా వచ్చింది. ఆమె రెండు పేర్లు చెప్పింది, బాలింతకు రెండూ నచ్చలేదు. అలా అరగంట సాగింది. చివరికి సోమవారం కార్పొరేషన్ ఆఫీసుకు పెద్దయ్యే వాళ్లను తీసుకెళ్లేట్టు, ఆలోగా పేరు తేల్చేట్టు ఒప్పందం కుదిరింది. నెలన్నరకు వేయించాల్సిన టీకాల సంగతి మా నర్సు చెల్లి చూసుకుంటానంది. ఆదివారం ఆరాధనకు వస్తామని నాలుగు కుటుంబాలవాళ్లు అన్నారు. అక్కడి నుంచి బస్సు మారాలి, పిల్లలతో కష్టం. రెండు షేర్ ఆటోలు మాట్లాడాం, తొమ్మిదిన్నరకల్లా షెడ్ల దగ్గర ఉంటాయి.