8 వోల్టుల దగ్గర ఆగిపోయిన ముల్లు

పోయిన మంగళవారం మధ్యాహ్నం మా మెషీన్స్ ల్యాబ్‌లో ఒక బ్యాచ్ పిల్లలు 40 నిమిషాల పాటు ఒకే మీటరు ముందు నిలబడిపోయారు. డీసీ షంట్ జనరేటర్ (తన అయస్కాంతానికి కావాల్సిన కరెంటు తానే పుట్టించుకునే జనరేటర్) తిరుగుతోంది, దాన్ని తిప్పే మోటారు 1500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా ఉంది, కనెక్షన్లు చూస్తే బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయి. వోల్ట్‌మీటరు ముల్లు మాత్రం 8 దగ్గర ఆగిపోయింది. 0-300 మీటరు మీద 8 అంటే మొదటి గీత దాటి కాస్త, వంగి చూస్తేగానీ కనపడదు. ఫీల్డ్ (అయస్కాంతాన్ని తయారుచేసే తీగచుట్ట) స్విచ్ వేస్తే 220 వైపు ఎక్కాల్సిన ముల్లు ఇంకా కిందికి, 5కి దిగింది. "మేడం, మెషీన్ పోయింది" అన్నాడు ఒకబ్బాయి. పోలేదని నాకు తెలుసు, ఏం చేస్తే సరిపోతుందో కూడా తెలుసు, అర నిమిషం పని. అయినా చెప్పలేదు. స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను.

ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ (ఈఈఈ) డిపార్ట్‌మెంట్‌లో పాఠాలు చెప్పబట్టి 12 ఏళ్ళు దాటింది. క్లాసులో చెప్పడం కంటే ల్యాబ్ నడపడం కష్టమని, ఆ కష్టం పడాల్సిందేనని ఏటేటా ఇంకాస్త గట్టిగా అనిపిస్తోంది. ఆ 40 నిమిషాలు అక్కడ కూర్చున్నప్పుడే ఇదంతా ఒకచోట రాసుకోవాలనుకున్నా.

ముందు ఆ 8 వోల్టుల సంగతి చెప్పాలి. జనరేటర్ ఫీల్డ్‌లో కరెంటు అస్సలు లేకపోయినా, తిప్పితే చాలు, కొద్దిగా వోల్టేజీ వస్తుంది. నిన్నో మొన్నో ఎవరో నడిపి ఆపేసినప్పుడు ఫీల్డ్ తీగ చుట్టిన పోల్స్ ఇనుములో కొంచెం అయస్కాంతత్వం మిగిలిపోయి ఉంటుంది, రెసిడ్యువల్ మాగ్నెటిజం అంటాం. ఆ మిగిలిందే పెట్టుబడి. అది ఇచ్చే చిన్న వోల్టేజీ ఫీల్డ్‌లో చిన్న కరెంటు పంపుతుంది, ఆ కరెంటు అయస్కాంతాన్ని ఇంకొంచెం బలంగా చేస్తుంది, వోల్టేజీ ఇంకొంచెం పెరుగుతుంది, అలా ఒకదాన్నొకటి మోసుకుంటూ పైకెక్కి ఇనుము సాచ్యురేట్ అయ్యే, అంటే ఇక అయస్కాంతత్వం పెద్దగా పెరగని దగ్గర స్థిరపడతాయి. 1866లో జర్మన్ ఇంజనీరు వెర్నర్ సీమెన్స్ ఈ సంగతి పట్టుకున్నాడు, 1867 జనవరిలో బెర్లిన్ అకాడమీ ముందుకు వెళ్ళింది. సరిగ్గా అదే రోజుల్లో ఇంగ్లండులో వీట్‌స్టన్, వార్లీ కూడా విడివిడిగా ఇదే దారిలో ఉన్నారు. అంతకుముందు జనరేటర్ అంటే శాశ్వత అయస్కాంతాలు కావాలి, లేదా బయట బ్యాటరీ కావాలి. ఇనుము తనలో దాచుకున్న ఆ కాస్తతోనే మెషీన్ తనంతట తాను లేచి నిలబడగలదని తెలిశాకే పెద్ద జనరేటర్లకు దారి పడింది. సంవత్సరాలు బోర్డు మీద రాయడం తేలికే. 8 దగ్గర మొదలైన ముల్లు కళ్ళ ముందు 220కి ఎక్కడం చూసినవాళ్ళకు ఆ 1866 వేరేగా వినిపిస్తుంది.

మరి మంగళవారం ఎందుకు ఎక్కలేదు? కారణాలు నాలుగైదు ఉంటాయి, పిల్లలందరికీ నోటికొచ్చు. వైవాలో అడిగితే గడగడా చెప్తారు: రెసిడ్యువల్ మాగ్నెటిజం పోయి ఉండొచ్చు, ఫీల్డ్ రెసిస్టెన్స్ క్రిటికల్ విలువ (అది దాటితే వోల్టేజీ ఎక్కదు) కంటే ఎక్కువ ఉండొచ్చు, స్పీడు తక్కువ ఉండొచ్చు, ఫీల్డ్ కనెక్షన్ తిరగబడి ఉండొచ్చు. ఈ మాటలన్నీ నోట్లో ఉన్న ఆరుగురు పిల్లలు ఆ మీటరు ముందు నిలబడి, వాటిలో ఒక్కటీ గుర్తు రాక, మెషీన్ పోయిందన్నారు. వాళ్ళ తప్పని నేను అనను. ఆ జవాబులు ఎప్పుడూ ఒక ప్రశ్నకు జవాబులుగానే వాళ్ళ దగ్గరకు వచ్చాయి, ఎదురుగా మొండికేసిన మెషీన్‌కు జవాబుగా ఎప్పుడూ రాలేదు.

అలా రాకపోవడానికి మా వైపు నుంచి జరిగే పొరపాటు పెద్దది. మూడు గంటల ల్యాబ్, అందులో అటెండెన్సు, కిందటివారం రికార్డుల మీద సంతకాలు, ఇవన్నీ పోగా మిగిలేది రెండు గంటలు. పిల్లలు కనెక్షన్ ఇస్తారు, మనం వెళ్ళి చూస్తాం, తప్పుంటే ఆ వైరు పీకి మనమే సరైన చోట పెట్టేస్తాం, "ఊఁ, ఇప్పుడు ఆన్ చెయ్యండి" అంటాం. రీడింగులు వస్తాయి, అందరికీ టెన్షన్ తగ్గుతుంది, సెమిస్టరులో పది ప్రయోగాలూ పూర్తవుతాయి. నేనూ మొదటి మూడు నాలుగేళ్ళు అచ్చంగా ఇదే చేశాను. పూర్తయినవి ప్రయోగాలే, పిల్లలకు ఏమీ రాలేదు.

రికార్డుల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. సీనియర్ రికార్డులోంచి దించిన రీడింగులు ఇట్టే తెలిసిపోతాయి. ఓపెన్ సర్క్యూట్ క్యారక్టరిస్టిక్ గ్రాఫ్ (జనరేటర్‌కు లోడు లేకుండా తీసేది) తీసుకోండి, ఫీల్డ్ కరెంటు అడ్డంగా, వోల్టేజీ నిలువుగా. కాకిలెక్కల గ్రాఫ్ సున్నా నుంచి మొదలై, ముచ్చటైన వంపుతో, ఒక్క పాయింటు కూడా అటూ ఇటూ కాకుండా పోతుంది. నిజంగా మెషీన్ దగ్గర కూర్చుని తీసిన గ్రాఫ్ సున్నా దగ్గర మొదలవ్వదు, 8 దగ్గరో 10 దగ్గరో మొదలవుతుంది. మధ్యలో ఎక్కడో ఒక పాయింటు పక్కకు జరిగి ఉంటుంది కూడా, ఎందుకంటే రియోస్టాట్ (జరిపి కరెంటును మార్చే రెసిస్టెన్స్) జరుపుతూ కాస్త ముందుకు పోయి "అయ్యో" అని వెనక్కి జరిపి ఉంటారు. అక్కడ వెనక్కి జరపకూడదు. ఇనుముకు గుర్తుంటుంది, అదే కరెంటు దగ్గరకు వెనక్కి వస్తే వోల్టేజీ ముందు చూపినంత ఉండదు, కొంచెం ఎక్కువ చూపిస్తుంది. హిస్టరిసిస్ అనే మాట ఆ జరిగిన పాయింటులో ఉంది. దాన్ని రబ్బరుతో చెరిపి వంపు మీదికి తెచ్చి పెట్టిన పిల్లవాడు ఆ పూట నేర్చుకోవాల్సినదాన్నే చెరిపేశాడు. అందుకే ఇప్పుడు జరిగిన పాయింటు ఉన్న గ్రాఫుకు, అది ఎందుకు జరిగిందో కింద ఒక్క వాక్యం రాస్తే, ఎక్కువ మార్కులు వేస్తున్నాను. తోటి లెక్చరర్లతో దీని మీద వాదన నడుస్తూనే ఉంది, నడవనీ.

మోటారు ఎఫిషియెన్సీ తేల్చే రెండు పరీక్షలు, నిజంగా లోడు వేసే బ్రేక్ టెస్టుకీ, లోడు లేకుండా లెక్కగట్టే స్విన్‌బర్న్ టెస్టుకీ మధ్య కూడా ఇదే కథ. బ్రిటిష్ ఇంజనీరు జేమ్స్ స్విన్‌బర్న్ 1858లో పుట్టి 1958 దాకా, నూరేళ్ళు బతికాడు. పెద్ద మెషీన్‌కు నిజంగా ఫుల్ లోడ్ ఇచ్చి పరీక్షించాలంటే అంత లోడూ తేవాలి, అంత కరెంటూ కాల్చాలి. అది లేకుండా మెషీన్‌ను ఖాళీగా తిప్పి, నష్టాలు లెక్కగట్టి, ఏ లోడు దగ్గర ఎంత ఎఫిషియెన్సీ ఉంటుందో ముందే చెప్పే పద్ధతి ఆయన పేరు మీద ఉంది. చక్కటి ఆలోచన. కానీ అదే 5 హెచ్‌పీ మోటారుకు బెల్టు వేసి, స్ప్రింగ్ బ్యాలెన్సులు బిగించి, డ్రమ్ములో నీళ్ళు పోస్తూ, 19 ఆంపియర్ల దాకా లోడ్ చేస్తే వచ్చే ఎఫిషియెన్సీ స్విన్‌బర్న్ లెక్క కంటే తక్కువ వస్తుంది. లోడు మీద ఆర్మేచర్ (తిరిగే భాగం) రియాక్షన్ ఉంటుంది, అంటే దానిలోని కరెంటు ఫీల్డ్‌ను చెదరగొడుతుంది, వేడి పెరిగి రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఖాళీగా తిరిగినప్పుడు కనపడని నష్టాలు బయటికొస్తాయి. పిల్లలు ఈ రెండూ కలవలేదని కంగారుపడి బ్రేక్ టెస్ట్ అంకెలు సర్దేస్తారు. ఆ తేడా దగ్గర ఆగండమ్మా, ఆ బెల్టు కాలిన వాసన, డ్రమ్ములోంచి లేచే ఆవిరి, అదే ఆ తేడా అని చెప్పి చెప్పి నా గొంతు పోతోంది.

నేను చదివింది కోస్తాలో ఒక యూనివర్సిటీ కాలేజీలో. బ్యాచ్‌కు ఎనిమిది మందిమి, అందులో ఇద్దరం అమ్మాయిలం. మొదటి రోజే మా చేతిలో అబ్జర్వేషన్ పుస్తకం పెట్టి "మీరు రీడింగులు రాయండమ్మా" అన్నారు. చెప్పినాయన మనసులో చెడ్డ ఉద్దేశం లేదు, మాకూ అప్పుడు తప్పనిపించలేదు, మీటర్లు చదివి వరుసలో రాయడం బానే ఉంది. రెండు నెలలు అలాగే గడిచాయి. మోటారును మెల్లగా స్టార్ట్ చేసే స్టార్టర్ హ్యాండిల్ నా చేతికి ఎలా తగులుతుందో అప్పటికి నాకు తెలియదు.

ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉన్నాయన్ని మేమంతా బాబాయ్ అనేవాళ్ళం. ఖాకీ చొక్కా, జేబులో టెస్టర్, ఏ మోటారు బేరింగు ఎప్పుడు మార్చారో తేదీతో సహా చెప్పేవాడు. ఒకరోజు అందరూ వెళ్ళిపోయాక పిలిచాడు. "ఏమ్మా, ఎప్పుడూ పుస్తకం పట్టుకునే ఉంటావు, ఇటు రా." త్రీ పాయింట్ స్టార్టర్ ముందు నిలబెట్టాడు. "ముందు ఫీల్డ్ రియోస్టాట్ ఎక్కడుందో చూడు." కనిష్ఠంలో ఉంది. "అది ఎక్కువలో ఉంటే ఏమవుతుంది?" ఫీల్డ్ బలహీనమై స్పీడు పెరిగిపోతుందని పుస్తకంలో చదివినదే చెప్పాను. "ఆఁ. ఇప్పుడు లాగు. తొందర పడకు, నిద్ర కూడా పోకు."

ఆగి ఉన్న మోటారులో బ్యాక్ ఈఎంఎఫ్ (తిరిగేటప్పుడు పుట్టి సప్లైకి ఎదురొచ్చే వోల్టేజీ) ఉండదు. ఆర్మేచర్ రెసిస్టెన్స్ 2 ఓమ్‌లు అనుకుంటే, నేరుగా 220 వోల్టులు ఇస్తే 110 ఆంపియర్లు లాగుతుంది, 19కి చేసిన మెషీన్. అందుకే స్టార్టర్‌లో రెసిస్టెన్సులు పెట్టి, మోటారు స్పీడు అందుకునే కొద్దీ ఒక్కో స్టడ్ (హ్యాండిల్ తాకే లోహపు బొడిపె) దాటుకుంటూ వాటిని తీసేస్తాం. ఇది నాకు తెలుసు. హ్యాండిల్ పట్టుకున్నాక తెలిసింది వేరు. స్ప్రింగు వెనక్కి లాగుతూ ఉంటుంది, మొదటి స్టడ్ తాకగానే చిన్న చిటపట, కాళ్ళ కింద నేల కొద్దిగా అదిరి, మోటారు గొంతు లేస్తుంది, ఆ గొంతు కాస్త కుదురుకోగానే రెండో స్టడ్, మళ్ళీ లేస్తుంది, కుదురుకుంటుంది, మూడోది. ఎప్పుడు జరపాలో చెవే చెప్తుంది. చివరి స్టడ్ దగ్గర హోల్డ్ ఆన్ కాయిల్ హ్యాండిల్‌ను టక్కున పట్టేసుకుంది, నా చెయ్యి ఖాళీ అయింది. ఆపేటప్పుడు హ్యాండిల్ వెనక్కి లాగబోయాను, బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "స్టడ్‌లు కాలిపోతాయమ్మా. మెయిన్ తియ్యి, అదే వస్తుంది." మెయిన్ తీశాను. మోటారు నెమ్మదిస్తూ ఉండగా ఒక చోట కాయిల్ వదిలేసింది, హ్యాండిల్ తనంతట తాను వెనక్కి వచ్చి పడింది.

అందుకే నా ల్యాబ్‌లో పుస్తకం ఎవరి చేతిలోనూ ఉండిపోదు. ప్రతి ప్రయోగానికీ మారుతుంది, ప్రతి ఒక్కరూ సెమిస్టరులో కనీసం మూడుసార్లు మెషీన్ స్టార్ట్ చేయాలి, ఎవరు చేశారో నేను రాసి పెట్టుకుంటాను. అబ్బాయిల్లో కూడా వెనక నిలబడిపోయేవాళ్ళు చాలామంది ఉంటారని ఈ లెక్క రాయడం మొదలుపెట్టాకే తెలిసింది.

మెషీన్లు సరిపడా లేకపోతే ఇది కూడా కుదరదు. మధ్యలో కొంతకాలం పనిచేసిన ఒక కాలేజీలో 60 మందికి నడిచే సెట్లు నాలుగే, తనిఖీ కమిటీ వస్తుందంటే నడవనివాటికి కూడా పచ్చరంగు వేసేవారు. అక్కడ పిల్లల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

2020లో ల్యాబులు మూతపడ్డప్పుడు వర్చువల్ ల్యాబులతో, సిములింక్ అనే సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకొచ్చాం. సిములేషన్ చెడ్డదని నేను ఎప్పుడూ అనను, షార్ట్ సర్క్యూట్ పడితే కరెంటు ఎలా ఎగిసిపడుతుందో అందులో పదిసార్లు చూపించొచ్చు, ఎవరికీ ప్రమాదం ఉండదు. ల్యాబ్‌కు వచ్చే ముందు ఇంట్లో ఒకసారి చేసుకుని రమ్మని ఇప్పటికీ చెప్తాను. కానీ సంప్నర్ టెస్టులో (ఒకేరకం ట్రాన్స్‌ఫార్మర్లు రెండు కలిపి చేసే పరీక్ష) వాటి సెకండరీలు (రెండో వైపు చుట్టలు) ఎదురెదురుగా కలిపే ముందు, మధ్యలో పెట్టిన వోల్ట్‌మీటరు సున్నా చూపిస్తుందా, రెండు 230లు కలిసి 460 చూపిస్తుందా అని ఊపిరి బిగబట్టి సప్లై పెంచడం అందులో లేదు. సున్నా అయితే స్విచ్ వెయ్యొచ్చు, 460 అయితే ఒక సెకండరీ తిప్పాలి. కంటికి రెండు కనెక్షన్లూ ఒకేలా ఉంటాయి, మీటరునే అడగాలి. ఆ రెండేళ్ళ బ్యాచ్ ఫైనలియర్‌లో ల్యాబ్‌కు వచ్చినప్పుడు మెయిన్ వెయ్యడానికి కూడా చేతులు వణికాయి. వాళ్ళ కోసం నాలుగు శనివారాలు ల్యాబ్ తెరిచాం. మా టెక్నీషియన్ పైసా అడగకుండా వచ్చాడు.

మంగళవారానికి వస్తే, ముందు స్పీడు చూశారు, బాగానే ఉంది. ఫీల్డ్ రియోస్టాట్ పూర్తిగా తగ్గించారు, లాభం లేదు. బ్రష్‌లు చూశారు. ఒకబ్బాయి ఫోన్ తీయబోయి నా వైపు చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు, అంతవరకు ఒక్క మాట కూడా మాట్లాడని అమ్మాయి ఫీల్డ్ స్విచ్ దగ్గరకు వెళ్ళి తీసింది, ముల్లు 8. వేసింది, 5. మళ్ళీ తీసింది, 8. "ఫీల్డ్ ఇస్తే తగ్గుతోంది" అంది, ఎవరితోనూ కాదు, తనలో తానే. "పెరగకపోవడం కాదు, తగ్గుతోంది. అంటే ఉన్నదాన్ని చంపేస్తోంది." మిగతావాళ్ళు ఆ మాట పట్టుకోవడానికి కొన్ని క్షణాలు పట్టింది. తర్వాత ముగ్గురు ఒకేసారి ఫీల్డ్ టెర్మినల్స్ వైపు చేతులు చాపారు, ఆ అమ్మాయే అరిచింది: "ఆగండి, ముందు మెయిన్ తియ్యండి!"

మెయిన్ తీశారు, ఆగేదాకా ఆగారు, రెండు వైర్లు అటుదిటు మార్చారు. ఈసారి స్టార్టర్ ఆ అమ్మాయే లాగింది. 1500 దగ్గర నిలబెట్టి ఫీల్డ్ స్విచ్ వేసింది. ముల్లు ముందు కాసేపు ఏమీ ఎరగనట్టు ఉండి, 20, 40, తర్వాత కంటికి ఆగకుండా 100 దాటి, 200 దాటి, 220 మీద కొద్దిగా ఊగి నిలబడింది. కేక వేశారు, పక్క ల్యాబ్‌లోంచి ఎవరో తొంగి చూశారు.

రీడింగులు తీయడానికి టైం మిగల్లేదు. ఆ వారం వాళ్ళ అబ్జర్వేషన్‌లో ఉన్నవి రెండే అంకెలు, 8, 5. సంతకం పెట్టేశాను.