ఓవెన్‌లో నికెల్, బయట ముసురు

ముసురు ఇవాళ కూడా వదల్లేదు. తార్నాకలో బస్సు దిగి ల్యాబ్‌కి చేరేసరికి చున్నీ తడిసి ముద్దయింది. ఇలాంటి రోజున ఇంప్రెగ్నేషన్ (ఉత్ప్రేరకం తయారీకి రంధ్రాలున్న గుళికల్లోకి లోహ లవణ ద్రావణాన్ని ఇంకించడం) పెట్టుకోవడం తెలివైన పనేం కాదు. కానీ వాటిని కాల్చే కొలిమి, మఫిల్ ఫర్నేస్‌లో నా వంతు రేపు. అది వదులుకుంటే మళ్ళీ ఎప్పుడొస్తుందో! అందుకని ఇవాళ తడపాల్సిందే, ఆరబెట్టాల్సిందే.

గామా అల్యూమినా (రంధ్రాలమయమైన అల్యూమినియం ఆక్సైడ్) పెల్లెట్లని నిన్న సాయంత్రమే 120 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి వెళ్ళాను. పొద్దున తీసి, తేమ చేరనివ్వని డెసికేటర్‌లో చల్లార్చి 18 గ్రాములు తూచాను. బయట ట్రేలో వదిలేస్తే గాల్లో ఉన్న తేమంతా అవే తాగేస్తాయి. రంధ్రాలు ముందే నీళ్ళతో నిండితే మనం పోసే ద్రావణానికి చోటెక్కడ? ఈ రకం అల్యూమినాకి గ్రాముకి 200 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. మా నాన్న లెక్కలో చెప్పాలంటే నా గాజు గిన్నెలో ఉన్నది దగ్గర దగ్గర 36 గుంటల భూమి. ఫోన్‌లో ఆ మాట చెప్తే, "పట్టా ఎవరి పేరు మీదుంది బిడ్డా?" అన్నాడు.

రంధ్రాల్లో పట్టేది గ్రాముకి 0.6 మిల్లీలీటర్లు. అంటే మొత్తం ద్రావణం 10.8 మి.లీ.కి మించకూడదు. పది శాతం లోడింగ్‌కి, అంటే మొత్తం బరువులో పదో వంతు నికెల్ ఉండాలంటే, 2 గ్రాముల నికెల్ కావాలి, అందుకు 9.9 గ్రాముల నికెల్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్. వానాకాలం ఆ సీసాలో స్ఫటికాలు చెమ్మగిల్లి గడ్డ కడతాయి, గరిటతో పొడిచి తీయాలి. నికెల్ లవణాలు క్యాన్సర్ కారకాలు కాబట్టి గ్లోవ్స్, మాస్కు లేకుండా ఆ సీసా మూత తీయనివ్వను, ఎవరు నవ్వుకున్నా సరే.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్ల డ్రాపర్ పట్టుకుంది, నేను గిన్నె తిప్పుతూ ఉన్నాను. పచ్చటి చుక్క పడగానే పెల్లెట్ మీద మచ్చలా కనిపించి, చూస్తుండగానే లోపలికి ఇంకిపోతుంది.

"అక్కా, సగం పైనే పోశాం. ఇంకా గలగలమంటూనే ఉన్నాయేంటి?"

"మంచిదేగా. గలగల ఆగిందంటే ఇక చాలని."

చివరి అర మిల్లీలీటర్ దగ్గర చప్పుడు మెత్తబడింది. ఒకటి రెండు పెల్లెట్లు గిన్నె గోడకి అంటుకుని జారాయి. అక్కడితో ఆపేశాం.

ఇంతవరకూ అందరూ జాగ్రత్తగానే చేస్తారు. పరిశోధన పేపర్లలో కూడా ఈ భాగం వివరంగానే ఉంటుంది. తర్వాత మాత్రం ఒకే వాక్యం: "120 డిగ్రీల వద్ద రాత్రంతా ఆరబెట్టాము." నా గొడవంతా ఆ వాక్యంతోనే. లోహం పెల్లెట్‌లో ఎక్కడ కూర్చుంటుందో చాలా వరకు తేలేది ఆ రాత్రే కదా!

నైట్రేట్ ద్రావణంలో కాస్త ఆమ్లగుణం ఉంటుంది. ఆ స్థితిలో అల్యూమినా ఉపరితలం మీద ధనావేశమే ఎక్కువ. నికెల్ అయానుదీ ధనావేశమే. అందుకే గోడని గట్టిగా పట్టుకోదు, నీళ్ళు ఎటు పోతే అటు పోతుంది. ఓవెన్ వేడికి పైపైన నీరు ఆవిరవుతుంటే లోపలి ద్రావణం సన్నటి రంధ్రాల గుండా బయటికి పాకుతుంది, దాంతోపాటే నికెల్ కూడా. చెమట ఆరిన చొక్కా మీద ఉప్పు అంచున గీతలా పేరుకున్నట్టు ఇదీ అంచున పేరుకుంటుంది. నిదానంగా ఆరితే, అంచున చిక్కబడ్డ నికెల్ లోపలికి తిరిగి వ్యాపించడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది.

అందుకే ఇవాళ సరుకుని రెండు వాటాలు చేశాను. ఒక వాటా నేరుగా 120 డిగ్రీల్లోకి. రెండోది వెడల్పాటి పెట్రీ డిష్‌లో ఒక్క వరుసగా పరిచి బల్ల మీదే ఉంచాను. పొద్దున తిట్టుకున్న ముసురే దీనికి మేలు చేసింది, గాల్లో ఇంత తేమ ఉంటే ఆరడం దానంతటదే నెమ్మదిస్తుంది. అలాగని తడిగా ఉండగానే వేడిలోకి తోయడానికీ లేదు. హెక్సాహైడ్రేట్ 57 డిగ్రీల దగ్గరే తనలోని నీళ్ళలో తానే కరిగి మళ్ళీ కదలడం మొదలెడుతుంది. అందుకని రాత్రికి ఓవెన్‌ని నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున పెరిగేలా సెట్ చేశాను.

సాయంత్రం మొదటి వాటాలోంచి ఒక పెల్లెట్ తీసి బ్లేడుతో అడ్డంగా కోశాం. చుట్టూ గోరంచంత ముదురు పచ్చ వలయం, నడిమధ్య పాలిపోయిన లేత పచ్చ. పోయిన వారం నెమ్మదిగా ఆరబెట్టినదాన్ని పక్కన పెడితే దాంట్లో రంగు దాదాపు ఒకేలా ఉంది. "అక్కా, గుడ్డు పెంకు!" అంది పిల్ల. నిజమే, ఈ రంగంలో పేర్లన్నీ గుడ్డువే: లోహం అంచున ఉంటే పెంకు, మధ్య వలయంలో ఉంటే తెల్లసొన, నడుమ ఉంటే పచ్చసొన.

పెంకు చెడ్డదేం కాదు. ఇథిలీన్‌లో కొద్దిగా ఉండే ఎసిటిలీన్‌ని వదిలించే పల్లాడియం ఉత్ప్రేరకాన్ని కావాలనే పెంకులా చేస్తారు. లోతుల్లోకి పోతే ఇథిలీన్ కూడా ఈథేన్ అయిపోయే ప్రమాదం ఉంది, పైగా ఖరీదైన లోహం. ప్లాటినం సంగతి వేరు. క్లోరోప్లాటినిక్ ఆమ్లంలో అది రుణావేశంతో ఉంటుంది కాబట్టి ధనావేశమున్న అల్యూమినాని చూడగానే అంచులోనే పట్టేసుకుంటుంది, ఆరబెట్టడం దాకా ఆగదు. దాన్ని లోపలికి పంపాలంటే చోటు కోసం పోటీపడే సిట్రిక్ ఆమ్లం కలపాలి.

నా నికెల్‌కీ సిట్రిక్ ఆమ్లమే ఇంకో రకంగా పనికొస్తుంది. నికెల్ సిట్రేట్ ద్రావణం నీళ్ళు పోయేకొద్దీ జిగురులా చిక్కబడి ఉన్నచోటే నిలబడుతుంది. తర్వాతి బ్యాచ్ దాంతోనే.

రేపు కాల్సినేషన్, అంటే ఫర్నేస్‌లో కాల్చి నైట్రేట్‌ని ఆక్సైడ్‌గా మార్చడం. నైట్రేట్ విచ్ఛిన్నమైనప్పుడు వచ్చే గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడ్ కోసం ఫర్నేస్ పైన ఎగ్జాస్ట్ పనిచేస్తోందో లేదో పొద్దున్నే చూసుకోవాలి. పేపర్ డ్రాఫ్ట్‌లో ఎండబెట్టడం గురించి నాలుగు వాక్యాలు రాసేశాను: ఎంత మందం పొర, గాల్లో ఎంత తేమ, వేడి ఎంత వేగంతో పెంచాం, కోత ఎలా కనిపించింది. నిడివి ఎక్కువైందని గైడ్ గారు కొట్టేస్తే పేపర్‌కి జతచేసే సప్లిమెంటరీలో పెడతాను. అక్కడా వద్దంటే మాత్రం వాదనకి కూర్చుంటాను.