శిలాఫలకం మీద లేని పేరు

మా హైస్కూల్లో తొమ్మిదో తరగతి గది గోడకు ఒక శిలాఫలకం ఉంది. మంత్రిగారి పేరు, ఎమ్మెల్యే పేరు, సర్పంచ్ పేరు, కింద ప్రారంభించిన తేదీ. పిల్లలు రోజూ దాని పక్క నుంచే లోపలికి వస్తారు, ఎవరూ చదవరు. మొన్న జూలైలో చరిత్ర ఆధారాల గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు పుస్తకం తెరవమనలేదు. తెల్ల కాగితాలు, పెన్సిళ్లు ఇచ్చి అందరినీ ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లాను. కాగితం రాయికి ఆనించి పెన్సిల్ పక్కకు వంచి రుద్దితే అక్షరాలు తెల్లగా తేలాయి. శాసనాల అచ్చు తీసేవాళ్లు చేసేదీ ఇంచుమించు ఇదే. కాకపోతే వాళ్లు తడి కాగితాన్ని రాతి మీద పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా బ్రష్‌తో కొట్టి, పైన సిరా అద్దుతారు.

లోపలికొచ్చి బోర్డు మీద మూడు ప్రశ్నలు రాశాను. ఈ రాయి ఎవరు వేయించారు? ఎందుకు వేయించారు? ఇందులో ఏం లేదు? మొదటి రెండింటికీ చేతులు టకటకా లేచాయి. మూడోదానికి చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి, "గది కట్టిన మేస్త్రీ పేరు లేదు మేడం" అంది.

మాది నల్లగొండ జిల్లా. నకిరేకల్ దగ్గర చందుపట్లలో దొరికిన శాసనం మా పిల్లలకు పరాయిది కాదు, ఆ ఊళ్లో చుట్టాలున్నవాళ్లు కూడా ఉన్నారు. దాని తేదీ 1289 నవంబర్ 27. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతను సోమనాథ దేవుడికి భూమి ఇచ్చాడని అందులో ఉంది. ఆ సారాంశాన్ని చదివి వినిపించి, రుద్రమదేవి ఎలా చనిపోయిందో చెప్పమన్నాను. "అంబదేవునితో యుద్ధంలో" అని క్లాసంతా ఒక్కటే గొంతు. ఇరవై ఏళ్లుగా నేనూ అలాగే చెప్పాను. అప్పుడొక అబ్బాయి కాగితం చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివి, "యుద్ధం అనే మాట ఇందులో ఎక్కడుంది మేడం?" అన్నాడు.

లేదు. రాణి, సేనాని ఇద్దరి పేర్లూ ఒకే దానంలో ఉన్నాయి. అదే కాలంలో ఆమె సామంతుడైన కాయస్థ వంశపు అంబదేవుడు ఆమె మీద తిరగబడ్డాడు. ఈ రెండూ కలిపి చరిత్రకారులు యుద్ధంలో మరణించి ఉంటుందని అనుకున్నారు. బలమైన ఊహే. కానీ రాయి చెప్పింది వేరు, మనం జోడించుకున్నది వేరు. ఆ గీత పిల్లలు తమంతట తామే గీసుకున్నారు. నాకు అంతకన్నా ఏం కావాలి?

మర్నాడు మార్కోపోలోని తీసుకొచ్చాను. వెనిస్ నుంచి వచ్చిన ఈ యాత్రికుడు మన మోటుపల్లి రేవు వైపు రాజ్యాన్ని ముట్‌ఫిలి అన్నాడు. అక్కడి వజ్రాల గురించి, సాలెగూడంత పలుచటి బట్టల గురించి చెప్పాడు. రాజు చనిపోయి నలభై ఏళ్లయిందని, భర్త మీద ప్రేమతో మళ్లీ పెళ్లి చేసుకోని రాణి చక్కగా పాలిస్తోందని కూడా అన్నాడు. కానీ మన శాసనాల ప్రకారం రుద్రమ అంతకుముందు ఏలిన రాజు గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. కొన్ని శాసనాల్లో ఆమె పేరే రుద్రదేవ మహారాజు.

పిల్లలు లెక్కలు మొదలుపెట్టారు. మార్కోపోలో చైనా నుంచి సముద్రం మీద తిరిగి వెళ్తూ ఈ తీరాలు దాటింది 1292 తర్వాత. అప్పటికి చందుపట్ల రాయి నిలబడి మూడేళ్లు. అంటే ఆమె చనిపోయాక కూడా పాలిస్తోందని రాయించాడు. 1298లో జెనోవా జైల్లో తోటి ఖైదీకి చెప్పి రాయించాడని చెప్పగానే ఒకడు "అయితే అంతా అబద్ధమే" అన్నాడు. కాదు బిడ్డా, అన్నాను. ఒక ఆడమనిషి ఈ రాజ్యాన్ని బాగా ఏలిందన్న మాట సముద్రం మీద ఓడల్లో తిరిగింది, అది నిజమే కదా. ఇది వాళ్లకు ఎక్కడానికి ఇంకో పీరియడ్ పట్టింది. తప్పు చెప్పిన సాక్షి దగ్గర కూడా తీసుకోవాల్సింది ఉంటుందని ఒప్పించడం అన్నిటికన్నా కష్టం.

పరీక్షల టెన్షన్ లేదని అనను. సిలబస్ వెనకబడింది, ఆగస్టులో రెండు ఆదివారాలు క్లాసులు తీసుకున్నాను. ఎందుకీ తిప్పలు అని స్టాఫ్‌రూమ్‌లో అడిగినవాళ్లకు పిల్లల నోట్సులు చూపించాను.

ఈలోగా వెనక బెంచీ అమ్మాయి ఊరుకోలేదు. వాడకట్టులో అడిగి అడిగి మేస్త్రీని పట్టుకొచ్చింది. డెబ్బై దాటిన తాత. క్లాసులో కుర్చీ వేస్తే మొహమాటంగా చివర కూర్చుని, స్లాబు ఎలా పోసిందీ, నీళ్లు ఎక్కడి నుంచి మోసిందీ చెప్పాడు. గది ఏ సంవత్సరం కట్టావు తాతా అని అడిగితే, "మా పెద్దబిడ్డ లగ్గం అయిన ఎండాకాలం" అన్నాడు. శిలాఫలకం మీద తేదీ మాత్రం 2007 నవంబర్.

"మీ బిడ్డ పెళ్లిపత్రిక ఉందా తాతా?" అని అడిగింది ఆ అమ్మాయి. మర్నాడు ట్రంకుపెట్టెలోంచి తీసి పంపించాడు. పసుపు మరకలు, మడతల దగ్గర చిరుగులు. 2006 మే. పిల్లలు నోట్సులో రెండు తేదీలూ రాసుకుని, ఒకదాని పక్కన "కట్టింది", ఇంకోదాని పక్కన "తెరిచింది" అని రాశారు. కింద మేస్త్రీ పేరు.